బ్యాటరీ, పంపు, ప్లగ్గులు మార్చినా ట్రక్ ఇంకా మొరాయిస్తోందంటే

మీ ట్రక్ బాధలన్నీ చదివాను. పెట్రోల్‌తో నడిచే పాత పికప్, ఆరు సిలిండర్ల ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఉదయం సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, ఒక్కోసారి టక్‌మనే శబ్దం తప్ప ఇంకేమీ రావడం లేదు. ఓ నలభై నిమిషాలు తిరిగాక ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతోంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండటం లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది, బండి కంప్యూటర్‌లోని కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0302 అని వచ్చింది. రెండు రోజులు కదపకుండా ఉంచితే బ్యాటరీ పడిపోతోంది. ఇప్పటికి బ్యాటరీ, ఫ్యూయల్ పంపు, ప్లగ్గులు కొత్తవి వేయించారు, ఒక్క బాధా తీరలేదు.

ఇకనుంచి మీటర్ పెట్టి చూడకుండా ఒక్క సామాను కూడా కొనకండి. కోపంతో అనడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మంచి పార్టులు తీసి పక్కన పడేసి, చెడిపోయినదాన్ని మాత్రం బండిలోనే వదిలేసిన కేసులు లెక్కలేనన్ని చూశాను. మీరు మార్చిన మూడింటిలో ఏదీ చెడిపోయిందని ఎవరూ కొలిచి చెప్పలేదు, ఊహించి మార్చారు. ఇంకో సంగతి, ఈ నాలుగు బాధలకూ ఒకే కారణం ఉంటుందని వెతకొద్దు. నా అంచనాలో ఇక్కడ కనీసం మూడు వేరువేరు జబ్బులు ఉన్నాయి. అన్నిటినీ కలిపి చూస్తే తల తిరుగుతుంది, విడివిడిగా పట్టుకుంటే ఒక్కొక్కటీ చిన్నదే.

సెల్ఫ్‌తో మొదలుపెడదాం. కరెంటు సరిగా లేనంతవరకూ మిగతా ఏ రీడింగునూ నమ్మలేం. కంప్యూటర్, సెన్సర్లు, ప్లగ్గులకు స్పార్కు పుట్టించే కాయిల్స్ అన్నీ ఆ కరెంటు మీదే బతుకుతాయి. రాత్రంతా ఆగిన బండికి ఉదయం తాళం పెట్టకముందే బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగానికి వచ్చినట్టు, 12 కంటే తక్కువుంటే ఖాళీ అయినట్టే. ఇప్పుడు ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మీరు మీటర్ చూడండి. మామూలు వాతావరణంలో అది 9.6 కంటే కిందికి దిగకూడదు. దిగితే బ్యాటరీ బలహీనంగా ఉండాలి, లేదా సెల్ఫ్ మోటర్ బిగుసుకుని అతిగా కరెంటు లాగుతూ ఉండాలి. వోల్టేజీ 11 దగ్గరే నిలబడి ఉన్నా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందంటే బ్యాటరీ తప్పు కాదు. బ్యాటరీకీ మోటర్‌కీ మధ్య దారిలో ఎక్కడో అడ్డుంది.

ఆ అడ్డు కంటికి కనపడదు, కరెంటు దారిలో అడ్డును కొలిచే ఓమ్స్ మీటర్‌కీ దొరకదు. లావాటి కేబుల్‌లో తీగలన్నీ తెగి ఒక్కటి మిగిలినా ఓమ్స్‌లో మీటర్ సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అది కొలవడానికి పంపే కరెంటు బహు స్వల్పం. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ దారిలో 150 యాంపులు పోవాలి. ఓమ్‌లో నూరో వంతు అడ్డున్నా చాలు, 150 యాంపుల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే కాలిపోతుంది. అందుకని లోడు మీద ఉన్నప్పుడే కొలవాలి. ఫ్యూయల్ పంపు రిలే, అంటే పంపుకి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా, తీసేయండి, ఇంజిన్ అందుకోకుండా ఉంటుంది. మీటర్ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ దిమ్మె మీద, అంటే క్లాంపు మీద కాదు, సీసపు దిమ్మె మీదే ఆనించండి. రెండో మొన ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని చోట గట్టిగా పెట్టండి. సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, బాగున్నట్టు. పాజిటివ్ వైపు కూడా అలాగే, బ్యాటరీ పాజిటివ్ దిమ్మె నుంచి సెల్ఫ్ మోటర్ మీద లావు కేబుల్ బిగించిన బోల్టు వరకు, 0.5 లోపు రావాలి.

ఒకసారి నేనే ఇక్కడ దెబ్బ తిన్నాను. మీ బండి లాంటిదే వచ్చింది. ఈ పరీక్ష చేయకుండానే సెల్ఫ్ మోటర్ మార్చాను. వారానికి బండి తిరిగొచ్చింది, ఇంకో మోటర్ వేశాను, మళ్లీ వచ్చింది. అప్పుడు కింద పడుకుని కొలిస్తే ఎర్త్ వైపు 1.3 వోల్టులు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే అల్లిక పట్టీ పైకి శుభ్రంగానే ఉంది, బోల్టు కూడా బిగుతుగానే ఉంది. బోల్టు విప్పి పట్టీ చివర రింగును తిప్పి చూస్తే వెనక పక్కంతా ఆకుపచ్చ చిలుము. గోటితో గీకితే తడి పొడిలా రాలింది. దాని కింద ఛాసిస్ మీద రంగు పొర, రంగు కింద తుప్పు. ఎమరీ పేపర్‌తో రాగి ఎర్రగా కనపడేదాకా రుద్ది, ఛాసిస్ మీద ఆ కాస్త చోటునూ మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాను. 1.3 కాస్తా 0.08 అయింది. తీసి పక్కన పెట్టిన పాత మోటర్‌ని బిగిస్తే అదీ చక్కగా తిరిగింది. బండి యజమానికి రెండు మోటర్ల డబ్బు తిరిగిచ్చాను. అప్పటినుంచి ఎర్త్ కొలవకుండా సెల్ఫ్ మోటర్ జోలికి వెళ్లలేదు.

పికప్‌లలో ఈ జబ్బు ఎక్కువ. కింద ఛాసిస్ అంతా బురదకీ నీళ్లకీ ఎదురుగా ఉంటుంది. ఇంజిన్, క్యాబిన్ రెండూ ఛాసిస్‌కి తగలకుండా రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి కాబట్టి ఒకదానికొకటి కరెంటు తిరిగి రావాలంటే ఈ పట్టీలే దిక్కు. పట్టీలన్నీ వెతికి పట్టుకుని, విప్పి, శుభ్రం చేసి బిగించండి. మంచి స్థితిలో ఉన్నాయనిపించినా విప్పి చూడండి.

ఇక బండి ఆగి ఉంటే బ్యాటరీ పడిపోవడం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు తీసి చూసే పాత అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ కంప్యూటర్‌నే కాల్చేస్తుంది.

ఛార్జింగ్ బాగుండి కూడా బ్యాటరీ దిగిపోతోందంటే బండి ఆగి ఉన్నప్పుడు ఎవరో కరెంటు తాగుతున్నారు. నెగటివ్ క్లాంపు తీసి, మీటర్‌ను 10 యాంపుల రేంజిలో పెట్టి, దిమ్మెకీ క్లాంపుకీ మధ్య సిరీస్‌లో, అంటే కరెంటంతా మీటర్ గుండానే పోయేలా, కలపండి. తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తోసి పెట్టండి, తలుపు మూసి ఉందని బండి అనుకోవాలి. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. మొదట్లో అంకె ఎక్కువగా కనపడుతుంది, కంగారు పడకండి. కంప్యూటర్లు నిద్రలోకి జారడానికి ఇరవై నుంచి నలభై నిమిషాలు పట్టవచ్చు. ఆ తర్వాత 50 మిల్లీయాంపుల లోపు ఉంటే సరే. ఒక యాంపు ఉందనుకోండి, రోజుకు 24 యాంపు గంటలు పోతాయి. 60 యాంపు గంటల బ్యాటరీకి రెండు రోజులు చాలు, మీ బండిలో జరుగుతున్నదీ ఇదే కాలానికి. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె దభాలున పడిపోతుందో ఆ లైన్‌లోనే దొంగ ఉన్నాడు. అన్ని ఫ్యూజులూ తీసినా అంకె తగ్గకపోతే బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి మళ్లీ కొలవండి. అందులో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ కాలితే ఛార్జింగ్ దాదాపు మామూలుగానే కనపడుతుంది, రాత్రిళ్లు మాత్రం బ్యాటరీ వెనక్కి కారుతూ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూసినా ఇది తెలుస్తుంది. అర వోల్టు దాటితే డయోడ్ మీద అనుమానం పెంచుకోవచ్చు. తర్వాత బిగించిన ఎక్‌స్ట్రా లైట్లు, స్టీరియో, ట్రైలర్ సాకెట్ ఉంటే ముందు వాటినే చూడండి. కంపెనీ వైరింగ్ కంటే తర్వాత చేతులు పడిన చోటే ఎక్కువసార్లు దొరుకుతుంది.

ఇప్పుడు మీకు అసలు టెన్షన్ పెడుతున్నది, దారి మధ్యలో ఆగిపోవడం. ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి, దీనికి జవాబు సగం పని చేసి పెడుతుంది. ఆగేటప్పుడు ఎలా ఆగుతోంది? తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు జబ్బు. దగ్గి, ఊగి, పిక్అప్ తగ్గి, కాస్త సతాయించి ఆగితే పెట్రోల్ వైపు జబ్బు. నూటికి నూరుపాళ్లు కాదు గానీ, వెతకడం ఎటునుంచి మొదలుపెట్టాలో ఇది చెబుతుంది. ‘ఉన్నట్టుండి’ అని రాశారు కాబట్టి నా అనుమానం క్రాంక్ పొజిషన్ సెన్సర్ మీద.

ఈ సెన్సర్ పని ఏమిటంటే, క్రాంక్ షాఫ్ట్ ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పడం. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ తిరగడమే లేదు, కాబట్టి స్పార్కు ఇవ్వదు, ఇంజెక్టర్లు తెరవదు, పంపు రిలేని కూడా వదిలేస్తుంది. స్పార్కూ లేదు, పెట్రోలూ లేదు అని చూసి చాలామంది రెండు జబ్బులనుకుంటారు, ఉన్నది ఒక్కటే. పాత రకం సెన్సర్ లోపల వెంట్రుక లాంటి తీగ చుట్టి ఉంటుంది. వేడికి అది సాగి ఎక్కడో విడిపోతుంది, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. మీరు చెప్పిన అరగంట ఆ చల్లబడే సమయమే అనిపిస్తోంది. ఈ జబ్బు చల్లని ఇంజిన్‌లో దొరకదు. షాపులో ఉదయం బండి దించి వస్తే సాయంత్రం ‘అంతా బాగానే ఉంది’ అంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చూసిన సమయంలో అది బాగానే ఉంటుంది.

అందుకే ఆగిన ఆ ఐదు నిమిషాలు మీకు చాలా విలువైనవి. బండిని రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెంటనే ఇవి చూడండి. తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు దగ్గర పంపు రెండు సెకన్లు సన్నగా మూలిగిందా? సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేచిందా, స్కానర్ ఉంటే అందులో ఆర్‌పీఎం అంకె వస్తోందా? స్పార్క్ టెస్టర్ పెడితే స్పార్కు ఉందా? పంపు మూలిగి, ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉండి, స్పార్కు లేకపోతే క్రాంక్ సెన్సర్‌నో దాని వైరింగ్‌నో పట్టుకోండి. సెన్సర్ చేతికి అందే చోట ఉంటే తడి గుడ్డ చుట్టి రెండు నిమిషాలు చల్లబరిచి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. టక్కున అందుకుంటే ఇంక అనుమానం లేదు. ఆర్‌పీఎం వస్తోంది, స్పార్కు ఉంది, పంపు శబ్దం మాత్రం లేదంటే పంపు లైన్ చూడాలి. పంపు కొత్తదే అయినా ట్యాంకు మీది కనెక్టర్‌లో పిన్నులు వేడికి కరిగి ఉండొచ్చు. అదే నంబరున్న వేరే రిలేని దాని స్థానంలో పెట్టి చూడటానికి అర నిమిషం చాలు. స్పార్కును ప్లగ్ వైరు చేత్తో పట్టుకుని మాత్రం ఎప్పుడూ చూడకండి, అందులో పుట్టేది వేల వోల్టులు. ఇంకో మాట. సెన్సర్ మార్చే ముందు దాని వైరు ఎక్కడైనా సైలెన్సర్ పైపుకి తగిలి పైతొడుగు కరిగిందేమో, ఎలుకలు కొరికాయేమో వేళ్లతో తడిమి చూడండి. ఇంజిన్ స్లో స్పీడ్‌లో ఉండగా వైరింగ్ కట్టను అక్కడక్కడ కదిపితే ఇంజిన్ తడబడే చోట లూజ్ కాంటాక్ట్ బయటపడుతుంది. బెల్టుకీ ఫ్యానుకీ చేతులు, చొక్కా అంచులు దూరంగా పెట్టుకోండి.

మిస్సింగ్ సంగతి. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందని. లైటు నిలకడగా వెలగడం వేరు, వెలిగి ఆరుతూ ఉండటం వేరు. వెలిగి ఆరుతోందంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోంది, దాన్ని కరిగించేస్తుంది. ఆ లైటు చూసిన క్షణమే యాక్సిలరేటర్ తగ్గించండి. జబ్బు తేలేవరకూ లోడు ఎత్తకండి.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకు? లోడు పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో స్పార్కు దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ తొడుగులోనో ప్లగ్ పింగాణీలోనో చిన్న బీట ఉంటే, ఆ కరెంటు కష్టమైన దారి వదిలి బీటలోంచి జారిపోతుంది. ప్లగ్ తీసి తెల్లటి పింగాణీని ఎండలో తిప్పి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత పైనుంచి కిందికి ఉంటే అది స్పార్కు జారిన దారి. కొత్త ప్లగ్‌కి కూడా వస్తుంది, బిగించేటప్పుడు స్పానర్ పక్కకు ఒరిగితే పింగాణీ చిట్లుతుంది. గీత కనపడితే ప్లగ్‌తోపాటు రబ్బరు తొడుగు కూడా మార్చాలి, లేకపోతే పాత తొడుగులోని గీత కొత్త ప్లగ్‌ని చెడగొడుతుంది.

మీ ఇంజిన్‌లో ప్రతి ప్లగ్‌కీ విడి కాయిల్ ఉంటే పని ఇంకా తేలిక. రెండో సిలిండర్ కాయిల్ తీసి నాలుగోదాని మీద పెట్టండి, నాలుగోది రెండో దాని మీద. కోడ్ చెరిపేసి, అదే ఎత్తు ఎక్కించండి. ఇప్పుడు పీ0304 వస్తే కాయిల్ పోయింది. మళ్లీ పీ0302నే వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్‌ని అలాగే మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. చాలామంది దీన్ని వదిలేసి ఆరు కాయిల్సూ కొంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒకవేళ మిస్సింగ్ ఒక సిలిండర్‌కే పరిమితం కాకుండా పీ0300 గానీ, పెట్రోల్ చాలడం లేదనే పీ0171 గానీ వస్తే దారి వేరు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. తన లెక్క కంటే ఎంత ఎక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో కంప్యూటర్ అందులో చెబుతుంది. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. స్లో స్పీడ్‌లో ఇరవై ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి వస్తే ఎక్కడో గాలి లీకవుతోంది, పగిలిన రబ్బరు గొట్టమో, ఇన్‌టేక్ గాస్కెట్టో. స్లో స్పీడ్‌లో బాగుండి లోడు మీద పెరుగుతూ పోతే పెట్రోల్ చాలడం లేదు, లేదా గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టింది. పెట్రోల్ ప్రెషర్ అప్పుడు కొలవాలి. చాలా పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో, అంటే పెట్రోల్‌ను సిలిండర్ బయట ఇన్‌టేక్ దారిలో చిమ్మే వాటిలో, అది 40 నుంచి 60 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే తీసుకోండి. గేజ్ బిగించే ముందు పంపు రిలే తీసి ఇంజిన్ ఆగేదాకా నడిపి ప్రెషర్ దించేయండి, చల్లని ఇంజిన్ మీద, దగ్గర్లో నిప్పు లేకుండా చేయండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే దాని హై ప్రెషర్ లైన్ మాత్రం ముట్టుకోకండి, అక్కడ వేల పీఎస్‌ఐ ఉంటుంది.

మిస్సింగ్‌తోనే చాలా రోజులు తిప్పారు కాబట్టి కన్వర్టర్ ఇప్పటికే మూసుకుపోయిందేమో కూడా చూడాలి. ఇన్‌టేక్‌కి వ్యాక్యూమ్ గేజ్ తగిలించండి. సముద్ర మట్టానికి దగ్గర్లో, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కి స్లో స్పీడ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) వస్తుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. 2500 దగ్గర రేసు పట్టి ఉంచితే ముల్లు మెల్లమెల్లగా దిగిపోతూ ఉంటే పొగ బయటికి పోవడానికి దారి లేదన్నమాట. ముల్లు ఒక లయలో టక్ టక్‌మని పడి లేస్తుంటే వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. రేడియేటర్ నీళ్లు తగ్గడం, తెల్లటి పొగ, తీపి వాసన ఉన్నాయని మీరు రాయలేదు. ఉంటే చెప్పండి, హెడ్ గాస్కెట్ సంగతి వేరే చూడాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తెరవకండి.

కాయిల్, ప్లగ్, ఇంజెక్టర్ మూడూ వేరే సిలిండర్‌వాటితో అటూ ఇటూ మార్చి చూసినా రెండో సిలిండర్ కోడ్ కదలకపోతేనే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, కొలిచేదాకా వెళ్లండి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్, కాయిల్ కనెక్షన్లు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చినదానిలో 75 శాతమైనా ఉండాలి. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వ్ లేదా గాస్కెట్. దీనికి కూడా సెల్ఫ్ బలంగా తిరగాలి, అందుకే ఎర్త్ పని ముందు పెట్టాను.

రేపు ఉదయం తాళం పెట్టకముందు బ్యాటరీ వోల్టేజీ, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజీ, ఎర్త్ వైపు డ్రాప్ (దారిలో పోయిన వోల్టులు), పాజిటివ్ వైపు డ్రాప్, ఈ నాలుగు అంకెలు రాసి పంపండి. బండి ఆగేటప్పుడు ఒక్కసారిగా ఆగుతోందా, దగ్గి ఆగుతోందా, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు లేస్తోందా, అదీ రాయండి. అవి చూశాక క్రాంక్ సెన్సర్ కొనాలో వద్దో చెబుతాను, అందాకా కొనకండి.